చర్మం కింద హార్మోన్ గుళిక: మేలు హార్మోన్‌దా, గుళికదా?

క్లుప్తంగా: హార్మోన్ పెల్లెట్ల (చర్మం కింద పెట్టే గుళికల) గురించి చెప్పే మేళ్లలో చాలావరకు నిజమే. అయితే అవి లోపలికి వెళ్లే హార్మోన్ వల్ల వచ్చే మేళ్లు. అదే హార్మోన్ జెల్‌గా, మాత్రగా కూడా దొరుకుతుంది. రోజూ గుర్తుపెట్టుకునే పని లేకపోవడం పెల్లెట్‌కు ఉన్న అసలైన సౌకర్యం. ఒకసారి పెట్టాక మోతాదు తగ్గించలేకపోవడం దాని అసలైన చిక్కు. చిన్న వయసులోనే అండాశయాలు పోయిన స్త్రీలకు హార్మోన్ అవసరం ఎక్కువ కాబట్టి, ఏ రూపంలో తీసుకోవాలన్నది వాళ్లే అందరికన్నా జాగ్రత్తగా తేల్చుకోవాలి.

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఒక తరం మొత్తం ఇప్పుడు మెనోపాజ్, అంటే ముట్లుడిగే వయసుకు చేరింది. 1990ల చివర్లో, 2000 తర్వాత ఐటీ ఉద్యోగాలకు వచ్చినవాళ్లు ఇప్పుడు నలభైల చివర్లోనో, యాభైల మొదట్లోనో ఉన్నారు. రాత్రి నిద్ర పట్టదు. మీటింగ్ మధ్యలో ఉన్నట్టుండి ఒంట్లోంచి ఆవిర్లు వస్తాయి. కీళ్ల నొప్పులు, చిరాకు, మరుపు, దాంపత్యం మీద ఆసక్తి తగ్గడం, అన్నీ ఒకేసారి మీదపడతాయి. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో హార్మోన్ పెల్లెట్ల ప్రకటనలు కనిపిస్తాయి. ఒక్కసారి పెట్టించుకుంటే మూడు నాలుగు నెలలు మళ్లీ చూసుకోనక్కర్లేదన్న మాట ఇలాంటి సమయంలో ఎవరినైనా ఆకర్షిస్తుంది.

దీనికి తోడు 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక ప్రకటన చేసింది. మెనోపాజ్ హార్మోన్ మందుల మీద ఇరవై ఏళ్లకు పైగా ఉన్న తీవ్రమైన హెచ్చరికల్లో గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్, డిమెన్షియాలకు సంబంధించినవి తొలగిస్తున్నట్టు చెప్పింది. అయితే ఈ నిర్ణయం ఆ సంస్థ ఆమోదించిన మందుల లేబుళ్లకు సంబంధించింది. స్త్రీల కోసం అమెరికాలో వాడుతున్న పెల్లెట్లు ఆ జాబితాలోనే లేవు. ఈ తేడా తెలియకపోతే ఒకదాని మీద వచ్చిన మంచి వార్త ఇంకోదానికి సర్టిఫికెట్‌లా కనిపిస్తుంది.

గుళికలో ఏముంటుంది

పెల్లెట్ అంటే సుమారు బియ్యపు గింజంత ఉండే గట్టి గుళిక. ఈస్ట్రడయోల్ (ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌లో ముఖ్యమైన రకం) గానీ టెస్టోస్టిరాన్ (పురుష హార్మోన్; స్త్రీలలోనూ కొద్దిగా ఉంటుంది) గానీ స్ఫటికాల రూపంలో గట్టిగా అదిమి తయారు చేస్తారు. తుంటి దగ్గరో, పిరుదు పైభాగంలోనో కొవ్వున్న చోట మత్తు సూది ఇచ్చి, చిన్న గాటు పెట్టి, బోలు గొట్టం లాంటి పరికరంతో చర్మం కిందికి తోస్తారు. కుట్టు కూడా అక్కర్లేదు, ఒక పట్టీ చాలు. ఆడవాళ్లలో సాధారణంగా మూడు నాలుగు నెలలు, మగవాళ్లలో ఆరు నెలల దాకా పనిచేస్తుంది.

ఇందులో మోతాదును అదుపు చేసే పొర గానీ, యంత్రం గానీ ఏమీ ఉండదు. చుట్టూ ఉన్న కణజాలపు ద్రవంలో గుళిక పైభాగం కొద్దికొద్దిగా కరుగుతుంది. కరిగినంత హార్మోన్ నేరుగా రక్తంలో కలుస్తుంది. మొదటి వారాల్లో స్థాయి పెరిగి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. అండాశయాలు బాగా పనిచేసే రోజుల్లో పరిస్థితి వేరు. రక్తంలో ఈస్ట్రోజెన్ ఎంతుందో మెదడు ఎప్పటికప్పుడు గమనించి, పిట్యూటరీ గ్రంథి ద్వారా ఎక్కువ చెయ్యమనో తగ్గించమనో కబురు పంపుతుంది. పెల్లెట్‌కు ఆ కబురు అందదు. ఒంట్లో ఇప్పటికే సరిపడా ఉన్నా దాని పాటికి అది కరుగుతూనే ఉంటుంది.

మింగే మాత్రతో పోలిస్తే దీనికి ఒక మంచి గుణం ఉంది. మాత్రలోని ఈస్ట్రోజెన్ పేగుల నుంచి ముందు కాలేయానికి వెళ్తుంది. అక్కడ రక్తం గడ్డకట్టించే ప్రోటీన్ల తయారీని పెంచుతుంది, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులనూ కొంత పెంచుతుంది. కాళ్ల సిరల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం మాత్రతో కాస్త పెరగడానికి కారణం ఇదే. చర్మం కింద పెట్టిన పెల్లెట్ కాలేయాన్ని తప్పించుకుని రక్తంలోకి చేరుతుంది. అయితే చర్మం మీద రాసే జెల్, అతికించే ప్యాచ్ కూడా అదే పని చేస్తాయి. అందుకే పెల్లెట్‌ను మాత్రతోనే పోల్చి చూపిస్తే చిత్రంలో సగమే కనిపిస్తుంది. పోల్చాల్సింది జెల్‌తో.

ప్రకటనల్లో తరచూ కనిపించే ఇంకో మాట, పెల్లెట్‌లో ఉండేది శరీరంలో సహజంగా తయారయ్యే హార్మోన్ లాంటిదేనని. అది నిజం. జెల్‌లో ఉండేదీ అదే ఈస్ట్రడయోల్ అణువు.

కొత్తదేమీ కాదు

పెల్లెట్ వైద్యం ఇప్పుడు పుట్టింది కాదు. 1930లలో లండన్‌లో జంతువుల మీద ప్రయోగాలు చేశాక, 1938లో గైస్ హాస్పిటల్‌కు చెందిన బిషప్ అనే వైద్యుడు అండాశయాలు తీసేసిన ఒక యువతికి ఈస్ట్రోజెన్ గుళిక పెట్టారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఈ పద్ధతి వాడుకలో ఉంది. బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న ఈస్ట్రడయోల్ గుళికల తయారీ తర్వాత ఆగిపోయింది.

అమెరికాలో మగవాళ్ల కోసం 75 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ పెల్లెట్‌కు 1972లో ఆమోదం వచ్చింది. ఆడవాళ్లకు పెట్టేవి మాత్రం కాంపౌండింగ్ ఫార్మసీలు, అంటే ఆర్డర్ మీద మందు కలిపి తయారు చేసే చోట్ల నుంచి వస్తున్నాయి. అలా తయారైన వాటికి పెద్ద ఎత్తున పరీక్షలు జరగవు. ఆమోదిత మందులతో వచ్చే హెచ్చరికల కాగితం వాటితో ఉండాలన్న నియమం లేదు. 2020లో అమెరికా నేషనల్ అకాడమీల నిపుణుల కమిటీ ఇలాంటి హార్మోన్ తయారీల వాడకాన్ని బాగా తగ్గించాలని సిఫారసు చేసింది. పెల్లెట్లను ప్రత్యేకంగా పరిశీలించాల్సిన వాటిలో చేర్చింది.

తెలుగు ఇళ్లకు దగ్గరి ప్రశ్న

భారతదేశంలో సహజంగా ముట్లుడిగే సగటు వయసు 46–47 ఏళ్ల దగ్గర ఉంటుంది. పాశ్చాత్య దేశాల్లో అది 51. తెలుగు రాష్ట్రాల్లో మరో కారణం కూడా కలుస్తుంది, గర్భసంచి ఆపరేషన్. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో ముందున్న రెండు రాష్ట్రాలూ ఇవే. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ నాలుగైదేళ్ల మీద మెల్లగా రాదు. కొద్ది రోజుల్లోనే వచ్చేస్తుంది. ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది, టెస్టోస్టిరాన్ కూడా సుమారు సగానికి తగ్గుతుంది. ముప్పై ఐదేళ్లకే ఇలా జరిగితే ఎముకలు, గుండె పదేళ్లకు పైగా ఈస్ట్రోజెన్ లేకుండా గడపాలి. ఆవిర్లు ఓర్చుకుంటే సరిపోతుందన్న మాట ఈ స్త్రీల విషయంలో పొరపాటు. 45 ఏళ్ల లోపు అండాశయాలు పోయినవాళ్లకు, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకులు లేకపోతే, కనీసం సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ ఇవ్వాలన్నది మెనోపాజ్ వైద్యంలో విస్తృతంగా అంగీకరించిన విషయం. 1938లో మొదటి గుళిక పెట్టించుకున్న యువతిదీ ఇదే పరిస్థితి.

హిందూపురం, అనంతపురం, మదనపల్లె వైపు నుంచి బెంగళూరుకు వైద్యం కోసం వచ్చేవాళ్లలో ఇలాంటి ఆపరేషన్ ఎప్పుడో అయిపోయిన స్త్రీలు ఉంటారు. గర్భసంచి తీశారన్నంత వరకే చాలామందికి తెలుసు. అండాశయాలు ఉంచారా, తీశారా అన్నది ఎవరూ చెప్పి ఉండరు. హార్మోన్ వైద్యంలో మొదటి అడుగు ఆ పాత డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు వెతికి తీయడమే. వైద్యం మొత్తం దాని మీదే ఆధారపడుతుంది. గర్భసంచి లేనివాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే సరిపోతుంది. ఉన్నవాళ్లకు ప్రొజెస్టిరాన్ అనే మరో స్త్రీ హార్మోన్ తోడు తప్పనిసరి. లేకపోతే గర్భసంచి లోపలి పొర మందమై, కొన్నేళ్లకు క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉంది. 2025 ప్రకటనలో ఎఫ్‌డీఏ తొలగించకుండా ఉంచింది ఈ హెచ్చరికనే.

మేలు ఎక్కడి నుంచి వస్తుంది

మెనోపాజ్ ఆవిర్లకు ఈస్ట్రోజెన్‌ను మించిన మందు లేదు. నిద్ర మెరుగవుతుంది, యోనిలో పొడితనం తగ్గుతుంది, ఎముకల నష్టం ఆగుతుంది. హార్మోన్ వైద్యం మీద ఉన్న భయానికి మూలం 2002లో అమెరికాలో మధ్యలో ఆపేసిన విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ పరిశోధన. ఆపేసిన ఆ భాగంలో గర్భసంచి ఉన్న 16,608 మంది పాల్గొన్నారు. ఈస్ట్రోజెన్, సింథటిక్ ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ లాంటి కృత్రిమ హార్మోన్) కలిపి మాత్రగా తీసుకున్న 10,000 మందిలో ఏడాదికి 8 మందికి అదనంగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. తుంటి ఎముక విరగడం 5 మందిలో తగ్గింది. పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63. వాడిన మందు గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్. 48 ఏళ్ల మనిషికి జెల్ ఇచ్చినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్నకు ఆ ఫలితాలను ఉన్నవి ఉన్నట్టు అన్వయించలేం. అదే పరిశోధన మరో భాగంలో, గర్భసంచి లేక ఈస్ట్రోజెన్ ఒక్కటే తీసుకున్న స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. దీర్ఘకాలంలో తగ్గింది కూడా. స్ట్రోక్ మాత్రం కొంత పెరిగింది.

60 ఏళ్ల లోపు గానీ, ముట్లుడిగిన 10 ఏళ్ల లోపు గానీ మొదలుపెడితే, లక్షణాలు బాధిస్తున్నవాళ్లకు నష్టం కన్నా మేలే ఎక్కువన్నది ఇప్పటి అవగాహన. బెంగళూరులో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సరే ముందుంది. కాబట్టి మొదలుపెట్టే ముందు మామోగ్రామ్, ఇంట్లో ఎవరికైనా వచ్చిందా అన్న ఆరా తప్పనిసరి.

ఇవన్నీ హార్మోన్ చేసే మేళ్లు. వీటిలో పెల్లెట్‌కే చెందినదేమిటని వెతికితే జాబితా చిన్నదైపోతుంది. 1980లలో బ్రిటన్ పరిశోధనల్లో గుళికలు పెట్టించుకున్న స్త్రీలలో ఎముక సాంద్రత మాత్రలు వాడినవాళ్ల కన్నా ఎక్కువగా కనిపించింది. దానికి ముఖ్య కారణం రక్తంలో హార్మోన్ స్థాయి ఎక్కువగా ఉండటం. ఎక్కువ స్థాయి ఎముకకు బలమిస్తే గర్భసంచి పొరనూ అదే పెంచుతుంది. ఇక సౌకర్యం నిజంగా ఉంది. రోజూ జెల్ రాసుకోవడం మర్చిపోయేవాళ్లకు, చర్మం మీద ప్యాచ్ నిలవనివాళ్లకు, జెల్ సరిగా ఇంకనివాళ్లకు గుళిక అక్కరకు వస్తుంది. దాన్ని తక్కువ చేసి చూడాల్సిన పని లేదు.

వెనక్కి తీయలేని మోతాదు

జెల్‌తో రొమ్ములు నొప్పి పెడితే మరుసటి రోజు సగమే రాసుకోవచ్చు. మాత్ర పడకపోతే ఆపేయొచ్చు. పెల్లెట్‌ను పెట్టాక తీయడం కష్టం. కొద్ది వారాలకు చుట్టూ కణజాలం అల్లుకుంటుంది, గుళిక మెత్తబడి పొడిపొడిగా విడిపోతుంది. ఇబ్బంది మొదలైతే అది కరిగిపోయే దాకా ఓపిక పట్టడం తప్ప చేసేదేమీ ఉండదు.

1980ల చివర్లో బ్రిటన్ వైద్యులు ఇంకో విషయం గమనించారు. కొందరు స్త్రీలు గుళిక ప్రభావం తగ్గిపోయిందని, ఆవిర్లు మళ్లీ వస్తున్నాయని గడువుకు ముందే తిరిగి వచ్చేవారు. రక్తం పరీక్షిస్తే ఈస్ట్రడయోల్ తగ్గలేదు సరికదా, మామూలు కన్నా చాలా ఎక్కువగా ఉండేది. శరీరం ఎక్కువ స్థాయికి అలవాటు పడి, అక్కడి నుంచి కాస్త దిగినా లోటుగా భావిస్తోంది. అప్పుడు మళ్లీ గుళిక పెడితే స్థాయి ఇంకా పైకి వెళ్తుంది. లక్షణాలను బట్టే తర్వాతి గుళిక పెట్టే పద్ధతిలో ఉన్న ప్రమాదం ఇదే. ప్రతిసారీ రక్తపరీక్ష చేసి, స్థాయి దిగిందని నిర్ధారించుకున్నాకే పెట్టాలన్న నియమం ఈ అనుభవం నుంచి వచ్చింది.

2021లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం పెల్లెట్ తీసుకున్నవాళ్లనూ, ఆమోదిత హార్మోన్ మందులు వాడినవాళ్లనూ పోల్చింది. మొత్తం 539 మంది స్త్రీలు. దుష్ప్రభావాలు పెల్లెట్ వర్గంలో 57.6 శాతం మందిలో, రెండో వర్గంలో 14.8 శాతం మందిలో కనిపించాయి. అత్యధిక స్థాయికి చేరినప్పుడు ఈస్ట్రడయోల్ సగటు మొదటి వర్గంలో మిల్లీలీటరుకు 237.7 పికోగ్రాములు, రెండో వర్గంలో 93.45. పెల్లెట్ వర్గంలో గర్భసంచి ఉన్నవాళ్లలో అసాధారణ రక్తస్రావం సగానికి పైగా మందిలో వచ్చింది. పాత రికార్డులు చూసి చేసిన అధ్యయనం కాబట్టి దానికి పరిమితులున్నాయి. ఎవరికి ఏ వైద్యం ఇవ్వాలో ముందే లాటరీ పద్ధతిలో తేల్చలేదు. అయినా గుళిక కరిగే తీరు నుంచి ఊహించగలిగిన దానికి ఆ అంకెలు సరిపోతున్నాయి.

టెస్టోస్టిరాన్ సంగతి

ఆడవాళ్లకు పెట్టే పెల్లెట్లలో టెస్టోస్టిరాన్ కూడా తరచూ ఉంటుంది. ఉత్సాహం, కండబలం, జ్ఞాపకశక్తి, బరువు తగ్గడం, అన్నిటికీ అదే మందన్నట్టు ప్రచారం జరుగుతుంది. 2019లో అనేక అంతర్జాతీయ వైద్య సంఘాలు కలిసి వెలువరించిన ఉమ్మడి ప్రకటన ప్రకారం, స్త్రీలకు టెస్టోస్టిరాన్ ఇవ్వడానికి ఆధారమున్న కారణం ఒక్కటే. మెనోపాజ్ తర్వాత లైంగిక కోరిక బాగా తగ్గి, అది మనసును బాధిస్తున్నప్పుడు. అప్పుడు కూడా స్త్రీలకు సహజంగా ఉండే స్థాయిని దాటకూడదు. ఆ స్థాయిని దాటించే పెల్లెట్లు, ఇంజెక్షన్లు వద్దని ఆ ప్రకటన స్పష్టంగా చెప్పింది. పైన చెప్పిన 2021 అధ్యయనంలో పెల్లెట్ వర్గపు టెస్టోస్టిరాన్ గరిష్ఠ సగటు డెసిలీటరుకు 192.84 నానోగ్రాములు. రెండో వర్గంలో 15.59.

అంత స్థాయిలో మొటిమలు, గడ్డం దగ్గర వెంట్రుకలు, తల మీద జుట్టు పలచబడటం వస్తాయి. మందు ఆపాక ఇవి చాలావరకు మెల్లగా తగ్గుతాయి. గొంతు బొంగురుపోతే మాత్రం మళ్లీ మామూలు కాకపోవచ్చు. టీచర్లు, పాట పాడేవాళ్లు, కాల్ సెంటర్లలో పనిచేసేవాళ్లకు ఈ ఒక్క విషయమూ ముందే చెప్పి తీరాలి. లైంగిక కోరిక తగ్గడం గురించి డాక్టరు దగ్గర నోరు విప్పి చెప్పుకోవడమే మన ఇళ్లలో కష్టం. అలా ధైర్యం చేసి అడిగిన స్త్రీకి సరైన సమాధానం దక్కాలి.

మగవాళ్లకు

టెస్టోస్టిరాన్ నిజంగా తక్కువగా ఉన్న మగవాళ్లలో పెల్లెట్ వాడకానికి పునాది గట్టిగానే ఉంది. ఆమోదిత లేబుల్ ప్రకారం మూడు నుంచి ఆరు నెలలకోసారి 150–450 మిల్లీగ్రాములు పెడతారు. ఆస్ట్రేలియాలో 973 సార్లు పెట్టిన అనుభవాన్ని క్రోడీకరిస్తే 8.5 శాతం సందర్భాల్లో గుళిక బయటికి వచ్చేసింది. ఇన్‌ఫెక్షన్ 0.6 శాతమే. అయితే బయటి నుంచి టెస్టోస్టిరాన్ అందితే మెదడు వృషణాలకు పంపే సంకేతాలు ఆగిపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి. పెళ్లయి పిల్లల కోసం చూస్తున్న ముప్పై ఏళ్ల ఉద్యోగి అలసటగా ఉందని పెల్లెట్ వేయించుకుంటే పిల్లలు కావాలన్న అసలు కోరికే నెలల తరబడి దూరమవుతుంది. ఉదయం పూట రెండుసార్లు చేసిన రక్తపరీక్షలో స్థాయి తక్కువని తేలకుండా ఈ వైద్యం మొదలుపెట్టకూడదు.

బెంగళూరులో అడగాల్సినవి

2019 నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం, పాత మందైనా కొత్త రూపంలోకి మార్చినా, నెమ్మదిగా విడుదలయ్యేలా చేసినా అది కొత్త మందు కిందికే వస్తుంది. దానికి వేరుగా అనుమతి కావాలి. ఈస్ట్రడయోల్ మాత్రకు లైసెన్సు ఉందన్నది ఈస్ట్రడయోల్ పెల్లెట్‌కు సమాధానం కాదు. గుళిక ఎక్కడ తయారైంది, లైసెన్సు నంబరేమిటి, లేబుల్ చూపిస్తారా అని అడిగే హక్కు రోగికి ఉంది. కర్ణాటకలో ప్రైవేటు క్లినిక్‌లన్నీ 2007 నాటి కేపీఎంఈ (కర్ణాటక ప్రైవేట్ మెడికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్) చట్టం కింద నమోదై ఉండాలి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం లైంగిక సామర్థ్యాన్ని పెంచుతామని, నెలసరి సమస్యలు సరిచేస్తామని మందులకు ప్రకటన ఇవ్వడాన్ని నిషేధించింది. అలాంటి ప్రకటనతోనే పరిచయమైన వైద్యం విషయంలో కాస్త ఆగి ఆలోచించడం అవసరం.

దూరం నుంచి వచ్చేవాళ్లకు ఇంకో చిక్కుంది. బెంగళూరులో పెల్లెట్ పెట్టించుకుని ధర్మవరం వెళ్లిపోయాక రెండో నెలలో రక్తస్రావం మొదలైతే, అక్కడి డాక్టరుకు ఒంట్లో ఏముందో, ఎంతుందో తెలియదు. గుళిక ఎక్స్‌రేలో తేలిగ్గా కనిపించేదీ కాదు. హార్మోన్ పేరు, మిల్లీగ్రాములు, బ్యాచ్ నంబరు, పెట్టిన తేదీ, ఏ వైపు పెట్టారు అన్నవి రాసిన కాగితం లేకుండా క్లినిక్ గడప దాటకూడదు. ఇంటి దగ్గరి గైనకాలజిస్టుతో మాట్లాడి జెల్‌తో మొదలుపెట్టి, ఏ మోతాదు పడుతుందో మూడు నెలలు చూసుకోవడం దూరప్రాంతాల వాళ్లకు ఎక్కువ క్షేమం.

ఇప్పటికే ఈస్ట్రడయోల్ గుళిక పెట్టించుకుని, గర్భసంచి ఉన్నవాళ్లు ఒక విషయం మర్చిపోకూడదు. గుళిక పని అయిపోయిందనిపించినా దాని నుంచి కొద్దికొద్దిగా హార్మోన్ వస్తూనే ఉంటుంది. చివరి గుళిక తర్వాత రెండేళ్లకు కూడా గర్భసంచి పొర మీద ప్రభావం కనిపించిన సందర్భాలున్నాయి. అందువల్ల కొత్త గుళిక వద్దనుకున్న రోజే ప్రొజెస్టిరాన్ ఆపేయకూడదు. రక్తంలో ఈస్ట్రడయోల్ మెనోపాజ్ స్థాయికి దిగిందని పరీక్షలో తేలే దాకా అది కొనసాగాలి. ఈలోపు ఎప్పుడు రక్తస్రావం కనిపించినా స్కాన్‌లో పొర మందం చూపించుకోవాలి.